అవతలి ఒడ్డు సంతకం

డాక్టరమ్మకు కాదు అనే మాట నోట్లోంచి రాదు. కూరగాయల బండి అతను మెత్తబడిన టమాటాలు సంచీలో వేస్తుంటే చూస్తూనే ఉంటుంది కానీ ఏమీ అనదు. ఇంటికి తెచ్చి అత్తగారి కంట పడకముందే వాటిని ఏరి చెత్తబుట్టలో వేస్తుంది. ఆస్పత్రిలో ఎవరికి సెలవు కావాలన్నా తమ డ్యూటీ తెచ్చి ఆమె నెత్తిన పెడతారు. "మీరైతే ఏమీ అనుకోరు కదా మేడమ్" అంటారు. ఆమె అనుకుంటుంది. కాకపోతే అనుకున్నది లోపలే ఉంచుకుంటుంది.

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి, ఐదు దేశాల ఒప్పందంలో తప్పులు పట్టే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ ఒప్పందం సంగతి కాస్త చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే చూసి జబ్బు ఉందో లేదో చెప్పే కృత్రిమ మేధ ఒకటి వచ్చింది. ఇరుగుపొరుగు దేశాలు ఐదు, ఎవరికి వారు కొనుక్కుని ఎవరికి వారు దెబ్బ తినే బదులు అందరం కలిసి వాడదాం, కలిసే దాన్ని అదుపులో పెడదాం అనుకున్నాయి. మంచి ఆలోచనే. పెద్దలు కూర్చుని ఒక నియమం పెట్టారు. మిషను మాట చివరి మాట కాకూడదు. ప్రతి ఫిల్మునూ ఇద్దరు డాక్టర్లు చూడాలి, అందులో ఒకరు పొరుగు దేశం వాళ్ళై ఉండాలి. సొంత ఆస్పత్రిలోనైతే చిన్న డాక్టరు పెద్ద డాక్టరును కాదనలేడు. పొరుగు దేశం మనిషికి ఎవరి భయమూ ఉండదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ఇదీ వాళ్ళ లెక్క. మనకు ఇంట్లోవాళ్ళ దగ్గర కంటే కొత్తవాళ్ళ దగ్గరే మొహమాటం ఎక్కువని, సొంత తమ్ముణ్ణి కసిరినట్టు పక్కింటాయన్ని కసరలేమని ఆ ఏసీ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు ఉన్నా మొహమాటపడి ఊరుకుని ఉంటారు.

డాక్టరమ్మ పనిచేసే ఛాతీ ఆస్పత్రి నదికి ఇవతల ఉంది. వంతెన దాటితే వేరే దేశం. అక్కడా ఇలాంటిదే ఒక ఆస్పత్రి, అందులోనూ ఇలాగే ఎక్స్‌రేలు చూడటానికి ఒక్కరే డాక్టరు. రెండు ఒడ్డుల వాళ్ళదీ ఒకటే భాష కావడంతో ఈ ఇద్దర్నీ జంట కలిపారు. ఇవతల తీసిన ఫిల్మును ముందు మిషను చూస్తుంది, తర్వాత అవతలి డాక్టరు చూసి సంతకం పెడతాడు, చివరి సంతకం డాక్టరమ్మది. అవతల తీసినవాటికి వరస తిరగబడుతుంది. రోగుల పేర్లు ఉండవు, నంబర్లే.

ఆమె గది మెట్ల కింద ఉంటుంది. కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంటుంది, ఫ్యాను ఒక రెక్క వంగి టకటకమంటుంది. తెర మీద ఎడమవైపు ఫిల్ము, కుడివైపు ఆకుపచ్చ పట్టీలో మిషను అభిప్రాయం, దాని కింద అవతలి డాక్టరు సంతకం. ఆ సంతకం పక్కన ఆయన ఎప్పుడూ ఒక ముక్క రాస్తాడు. "ఏమీ అనుకోకండి, ఈరోజు కొంచెం ఆలస్యమైంది." "ఏమీ అనుకోకండి, ఇక్కడ కరెంటు పోయింది." ఆమె కూడా తక్కువ తినలేదు. "అయ్యో, దానికేముందండీ" అని జవాబిస్తుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు కానీ, వియ్యాలవారి కంటే మర్యాదగా ఉండేవారు. అంత మర్యాదస్తుడు చూసి సంతకం పెట్టాక, మీరు చూసింది తప్పండీ అని ఏ నోటితో అంటాం? ఆమె ఒక్కసారీ అనలేదు. ఆయనా అనలేదు. కొన్ని ఆస్పత్రుల్లో పరీక్షగా నడిపిన కాలమంతా ఇద్దరి మధ్యా నూటికి నూరు శాతం ఏకాభిప్రాయం. సూపరింటెండెంటు పొంగిపోయాడు. సమీక్షకు ఐదు దేశాల వాళ్ళూ వస్తున్నారని, "వంద శాతం" అని పెద్ద అక్షరాలతో ఒక బ్యానరు కూడా రాయించాడు. ఆ సమీక్ష అయితే మిషను ఐదు దేశాల్లోని ప్రతి ఆస్పత్రికీ వెళ్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారికి దగ్గు పట్టుకుంది.

అత్తగారు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టికెట్టు తీసుకోనివాణ్ణి బస్సు నిండా జనం ఉండగా కళ్ళలోకి చూసి అడిగిన అలవాటు ఇంకా పోలేదు. కోడలి మొహమాటం ఆవిడకు పెద్ద వినోదం. "మా అమ్మాయి దొంగ ఇంట్లోకొస్తే మంచినీళ్ళు తాగుతారా అని అడుగుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అంత ధైర్యస్తురాలికీ ఆస్పత్రంటే మాత్రం వణుకు. దగ్గు వారాలు దాటినా రానని మొండికేసింది. చివరికి కొడుకు బతిమాలితే, సూది వెయ్యకూడదనే షరతు మీద వచ్చి ఎక్స్‌రే తీయించుకుంది.

మర్నాడు అత్తగారి చీటీ మీది నంబరు డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది. మిషను పట్టీ పచ్చగా ఉంది: లోపమేమీ లేదు. కింద అవతలి డాక్టరు సంతకం. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుని చివరి సంతకానికి మౌసు కదిలించింది. అప్పుడు కుడివైపు పైన, మెడ కింద కాలరు ఎముక అడ్డంగా వెళ్ళే చోట, ఎముక వెనక పల్చని మసక కనిపించింది. పెద్దది చేసి చూసింది. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆమె మనసులో ఏం జరిగిందో చెప్తే నవ్వొస్తుంది గానీ, అది నవ్వే విషయం కాదు. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆయన్ని కాదనలేదు. ఇప్పుడు సొంత అత్తగారి దగ్గరికొచ్చేసరికి కాదంటే, ఆ సంగతి రేపు ఆయనకు తెలిస్తే ఏమనుకుంటాడు? ఊళ్ళోవాళ్ళ ఫిల్ములకు లేని అనుమానం ఇంట్లోవాళ్ళ ఫిల్ముకు ఎలా వచ్చిందంటాడు. పైగా మిషను లేదంది, ఆయన లేదన్నాడు. నా కళ్ళే మసకేసి ఉంటాయి అనుకుంది. సంతకం పెట్టేసింది.

సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు అడిగింది. "ఏమొచ్చిందమ్మాయ్?"

"అంతా బాగుందని వచ్చింది అత్తయ్యా."

"ఎవరు చెప్పారు?"

"మిషను చెప్పింది. అవతలి ఒడ్డు డాక్టరు గారు కూడా చూశారు."

"నువ్వు చూడలేదా?"

"చూశాను."

"మరి నీకేం కనిపించింది?"

డాక్టరమ్మ కంచంలోకి చూస్తూ అన్నం కలిపింది. కలిపిందే కలిపింది. భర్త తలెత్తి ఇద్దరి వంకా చూసి, పెరుగు గిన్నె తెచ్చే వంకతో లేచి వంటింట్లోకి వెళ్లాడు.

"మిషనేమందో నేనడగలేదు. నది అవతలాయనతో నాకు పని లేదు. నీకేం కనిపించిందో చెప్పు."

"కుడివైపు పైన కొంచెం మసగ్గా అనిపించింది. నా భ్రమేమో."

"మరి బాగుందని ఎందుకు సంతకం పెట్టావ్?"

"ఆయన అప్పటికే పెట్టేశారు అత్తయ్యా. కాదంటే ఏమనుకుంటారోనని."

అత్తగారు మొదట నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలు వీపు రాస్తుంటే చెయ్యి పక్కకు నెట్టి, గ్లాసెడు నీళ్ళు తాగి, చీర చెంగుతో మూతి తుడుచుకుంది.

"టమాటాలంటే పారేశావు. నన్నేం చేస్తావే?" అంది. ఆ గొంతులో కోపం లేదు. తర్వాత చిన్నగా అడిగింది. "అది ఏదైనా అయితే, నొప్పి ఉంటుందా?"

పెళ్ళయినప్పటి నుంచి అత్తగారి నోట భయం మాట వినలేదు డాక్టరమ్మ. మర్నాడు ఆస్పత్రికి వెళ్తూనే అత్తగారి కఫం పరీక్షకు పంపించి, స్కానింగుకు రాయించి, తన గదిలో తలుపేసుకుని అవతలి ఒడ్డుకు ఫోను చేసింది.

చాలాసేపు ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. నదిలో నీరు ఎంత ఉందో, వంతెన మీద మరమ్మతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకున్నారు. చివరికి ఆమె కళ్ళు మూసుకుని నంబరు చెప్పింది. అది ఎవరిదో చెప్పలేదు.

"ఆ ఫిల్ములో కుడివైపు పైన మీకేమైనా అనిపించిందాండీ?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఏమీ అనుకోకండి. అనిపించింది. మిషను లేదంది. మీ ఊరి మనిషి కదా, చివరి చూపు మీదే కదా, ఉంటే మీరే పట్టుకుంటారులే అనుకున్నాను."

"మీరు సంతకం పెట్టాక నేనెలా పట్టుకుంటానండీ?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఆమె నాలుక కరుచుకుంది.

"ఇలా ఎన్నిసార్లు జరిగిందంటారు డాక్టరు గారూ?" అన్నాడు ఆయన.

అంటే మిషను చూసింది, మిగతా ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకున్నారు. ఇద్దరు మనుషులు ఒకే గుమ్మం ముందు నిలబడి మీరు ముందు అంటే మీరు ముందు అనుకుంటుంటే, లోపలికి ఎవరూ వెళ్ళనట్టే.

ఆ రోజు నుంచి ఇద్దరూ పాత ఫిల్ములన్నీ మళ్ళీ తీశారు. డాక్టరమ్మ ఒక ఎక్స్‌రే కవరును కత్తిరించి, తెర మీద కుడివైపు అడ్డంగా పెట్టి, కట్లకు వాడే టేపుతో అంటించింది. పచ్చ పట్టీ లేదు, సంతకం లేదు. ఫిల్ము ఒక్కటే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాగే చూసేదని గుర్తొచ్చింది, కళ్ళు తడిశాయి. అవతల ఆయన తెరకు క్యాలెండరు కాగితం అంటించాడట. చాలా ఫిల్ముల్లో మిషను మాట నిజమే, దాన్ని అనాల్సిన పని లేదు. కానీ కొన్ని ఉన్నాయి. ఆమెకు ఒకటి, ఆయనకు ఇంకొకటి కనిపించినవి ఉన్నాయి. ఇద్దరికీ కనిపించీ ఇద్దరూ వదిలేసినవి ఉన్నాయి. ఆ మనుషులను ఒక్కొక్కరినీ వెనక్కి పిలిపించారు.

అవతలి ఒడ్డున బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఒకావిడ ఉంది. ఆమె ఫిల్మును మొదట చూసింది డాక్టరమ్మే. ఎడమవైపు కింద దట్టంగా ఉందని అప్పుడే అనిపించింది. మిషను కాదంది, అక్కడివాళ్ళు చూసుకుంటారులే అని వదిలేసింది. పిలుపు పంపితే ఆవిడ రాలేకపోయింది. అవతలి డాక్టరే ఆమె ఇంటికి వెళ్లాడు.

"కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది," అని ఫోనులో చెప్పాడు. "లేచి నాలుగడుగులు వెయ్యలేకపోతోంది. ఆ వైపంతా నీరు చేరింది. తీయిస్తున్నాం, బతుకుతుంది. కానీ ముందే చూసుంటే ఇంత దూరం వచ్చేది కాదండీ."

డాక్టరమ్మ ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, సూపరింటెండెంటు గదికి వెళ్లి అంతా చెప్పింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఆస్పత్రికి లిఫ్టు కోసం, ఆక్సిజను గొట్టాల కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. విని తల పట్టుకున్నాడు.

"తప్పు పట్టుకున్నారు, సరిదిద్దుకున్నారు. ఇకమీదట జాగ్రత్తగా చూడండమ్మా, చాలు. సమీక్షలో ఇదంతా ఎందుకు? ఈ మిషను పోతే మనకు ఇంకో డాక్టర్ని ఇస్తారా? ఫిల్ములు చూసేవాళ్ళు లేక వారాల తరబడి కట్టలు పడుండేవి, మర్చిపోయారా? మీరు నా మాట కాదనరు, నాకు తెలుసు."

ఆయన చెప్పిందీ నిజమే. అలవాటు కొద్దీ ఆమె తలూపి బయటికొచ్చింది.

సమీక్ష వంతెన ఇవతలి చివర, కస్టమ్స్ వాళ్ళ పాత భవనంలో జరిగింది. పొడుగాటి బల్ల, ఎవరి భాషలో వాళ్ళకు వినిపించేలా చెవులకు పెట్టుకునే యంత్రాలు, గోడకు బ్యానరు. మిగతా దేశాల జంట డాక్టర్లు కూడా వచ్చారు. అధ్యక్షురాలు మూడో దేశం ఆవిడ, జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్ళజోడు ముక్కు చివర నిలబెట్టుకుని కాగితాలు చూస్తోంది. అవతలి డాక్టరు డాక్టరమ్మ పక్కన కూర్చున్నాడు. ముఖాముఖి చూడటం అదే మొదటిసారి. బక్కపల్చటి మనిషి, చొక్కా జేబు మీద ఇంకు మరక.

అధ్యక్షురాలు తలెత్తి, "వంద శాతం సాధించిన జంట ముందు మాట్లాడితే బాగుంటుంది" అంది.

"మీరు చెప్పండి" అన్నాడు ఆయన.

"అయ్యో లేదండీ, మీరే చెప్పండి" అంది ఆమె.

"పెద్దవారు, మీరుండగా..."

బల్ల చుట్టూ నవ్వులు. డాక్టరమ్మకు ఆ నవ్వుల మధ్య అత్తగారి గొంతు వినిపించింది, నీకేం కనిపించింది అని. ఎదురుగా సూపరింటెండెంటు ఆమెనే చూస్తున్నాడు. లేచి నిలబడింది.

"ఇప్పుడు జరిగిందే ఇన్నాళ్ళూ జరిగిందండీ" అంది. "ఆయన ముందే చూశారు కదా అని నేను, నేను తర్వాత చూస్తాను కదా అని ఆయన. ఒకళ్ళనొకళ్ళం కాదనలేక సంతకాలు పెట్టాం. ఆ వంద శాతంలో మేము లేము. మిషను ఒక్కటే ఉంది." తర్వాత యూనిఫారాలు కుట్టే ఆవిడ సంగతి చెప్పింది. అత్తగారి సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటి విషయం అంతమంది ముందు ఎందుకులే అనుకుంది. ఎంతైనా మొహమాటం ఒక్కరోజులో పోయేది కాదు.

"అంటే ఈ అంకె అబద్ధమా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"అబద్ధం కాదండీ. మర్యాద."

సూపరింటెండెంటు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. అవతలి డాక్టరు లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఆమె చెప్పిన ప్రతి మాటలో నేనూ ఉన్నాను" అని కూర్చున్నాడు. అప్పుడు బల్ల ఆ చివర నుంచి వేరే దేశం డాక్టరు ఒకాయన, నేల చూపులు చూస్తూ చెయ్యెత్తాడు. "మా దగ్గరా అంతేనండీ." ఆయన జంట డాక్టరు ఉలిక్కిపడి ఆయన వంక చూసి, తనూ మెల్లగా చెయ్యెత్తింది.

మిషను అన్ని ఆస్పత్రులకూ వెళ్ళడం ఆ రోజు ఆగిపోయింది. కొత్త పద్ధతి ఖాయమయ్యేదాకా ఉన్నచోటనే ఉండాలన్నారు. తెర మీద ముందు ఫిల్ము ఒక్కటే రావాలి. డాక్టరు తనకు కనిపించింది రాసి తాళం వేశాకే మిషను మాట, పక్కవాళ్ళ మాట బయటపడాలి. అభిప్రాయాలు తేడా వస్తే ఇద్దరూ మాట్లాడుకోవాలి. అసలు తేడానే రాని జంట ఉంటే, వాళ్ళను పిలిచి కారణం అడగాలి. ఈ చివరి నియమం అధ్యక్షురాలే పెట్టింది, పెడుతూ వంద శాతం బ్యానరు వంక ఒకసారి చూసింది. సూపరింటెండెంటు డాక్టరమ్మతో నెల పైన ముభావంగా ఉన్నాడు. కానీ రెండు ఆస్పత్రుల్లోనూ మిషను ఉంది, ఫిల్ముల కట్టలు మళ్ళీ పేరుకుపోలేదు.

అత్తగారిది క్షయ. మొదట్లోనే దొరికింది, మందులతో పోతుందన్నారు. ఆవిడ మాత్రలను తిట్టుకుంటూ మింగింది, మాస్కు తియ్యకుండానే పక్కింటివాళ్ళతో పోట్లాడింది, ఒళ్ళు చేసింది. కోర్సు పూర్తయ్యే నాటికి దగ్గు మాయమైంది. చివరి ఎక్స్‌రే తీయించుకోవడానికి షరతుల్లేకుండా వచ్చింది. "ఫిల్ము బాగుంటే ఇక మాత్రలు ఉండవు కదూ" అని పొద్దున కోడలి చేత మాట తీసుకుంది. ఇప్పుడు మెట్ల పక్క బెంచీ మీద ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది.

లోపల డాక్టరమ్మ ఫిల్ము చూసింది. మసక కనిపించలేదు. సంతోషంగా "పూర్తిగా తగ్గింది" అని రాసి తాళం వేసింది. మిషను పట్టీ తెరుచుకుంది, పచ్చగా. దాని కింద అవతలి మాట తెరుచుకుంది. అది ఆమె రాసినదానిలా లేదు. ఇంతలో ఫోను మోగింది.

ఆ నంబరు ఎవరిదో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"డాక్టరు గారూ, ఏమీ అనుకోకండి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"అనుకుంటానండీ," అంది ఆమె. "అయినా చెప్పండి."

ఆయన చెప్పాడు. ఎముక అంచు కింద చూడమన్నాడు, పాత ఫిల్ము పక్కన పెట్టి చూడమన్నాడు. ఆమె చూసింది. ముందు చూడదలచుకోనిది ఇప్పుడు చూసింది. సన్నగా, వెంట్రుకంత, ఇంకా ఉంది. మందులు ఆపకూడదు, కఫం మళ్ళీ పరీక్షించాలి అన్నాడు. అవునంది. థాంక్సండీ అని, ఆ మాట మర్యాదకు కాక నిజంగానే అని, ఫోను పెట్టేసింది.

తెర ఆపి, లేచి బయటికొచ్చింది.

"అయిపోయినట్టేనా అమ్మాయ్?" అంది అత్తగారు, లేవబోతూ.

"కాదు అత్తయ్యా."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది, బస్సులో టికెట్టు అడిగినప్పటి చూపు. ఆ ముఖం పక్కకు తిరగలేదు. ఆవిడ మళ్ళీ కూర్చుని, ఒళ్ళోని సంచీ తీసి నేల మీద పెట్టి, బెంచీ మీద కొంచెం జరిగింది.

"అయితే కూర్చో" అంది. "ఇంకెన్నాళ్ళో చెప్పు. మెత్తగా చెప్పకు."